రోల్ స్పైక్ నేర్చుకుంటున్నాను, మోకాలు నొప్పి మొదలైంది. ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

కుడికాలు19:

అందరికీ నమస్కారం. నాకు 19 ఏళ్లు. సెపక్‌తక్రా (వాలీబాల్‌లా నెట్ మీదుగా, కానీ చేతులు వాడకుండా కాళ్లతో ఆడే ఆట) మొదలుపెట్టి పది నెలలైంది. మా జట్టులో స్ట్రైకర్‌ని, అంటే నెట్ దగ్గర ఎగిరి కాలితో బంతిని అవతలికి బలంగా కొట్టే (స్పైక్ చేసే) వాణ్ణి. మొదటి ఆరు నెలలూ బంతిని పాదం లోపలి వైపుతో ఎగరేస్తూ లెక్కపెట్టడంతోనే సరిపోయింది. ఇప్పుడు కింద పడకుండా 150 దాకా వేయగలను. ఆ తర్వాత సన్‌బ్యాక్ పట్టుబడింది. అంటే నెట్‌కు వీపు పెట్టి ఎగిరి, కొట్టే కాలి వైపు భుజం మీదుగానే బంతిని అవతలికి కొట్టడం. రెండు నెలలుగా రోల్ స్పైక్ మీద పడ్డాను. గాల్లో తిరుగుతూ రెండో భుజం మీదుగా కొట్టాలి కదా, పరుపు మీదైతే పదింటిలో ఆరు తగులుతున్నాయి. కోర్టు మీదకొచ్చేసరికి రెండు కూడా తగలడం లేదు.

అసలు బాధ మోకాలిది. నేను కుడికాలితో నేలను తన్ని లేస్తాను, కొట్టేదీ దానితోనే. మూడు వారాలుగా కుడి మోకాలి చిప్ప కింది అంచులో, వేలితో నొక్కితే సరిగ్గా ఒక్కచోట నొప్పి. ఆట మొదట్లో ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక పోతుంది, మర్నాడు మెట్లు దిగుతుంటే మళ్లీ మొదలు. వాపు లేదు.

నేను చేస్తున్నది ఇది. వారానికి ఐదు రోజులు ప్రాక్టీసు. రోజుకు 70 స్పైక్‌లు, 30 బ్లాక్‌లు (అవతలివాళ్ల స్పైక్‌ని ఎగిరి అడ్డుకోవడం), చివర్లో 40 బాక్స్ జంప్‌లు (పెట్టె మీదకు ఎగరడం). ఉదయం 5 కిలోమీటర్ల పరుగు, 200 గుంజీలు. రాత్రి అరగంట స్ప్లిట్స్ (కాళ్లు పూర్తిగా చాచి నేలకు ఆనించడం) సాధన. ముందు వెనకల స్ప్లిట్‌లో నేలకు నాలుగు వేళ్ల దూరంలో ఉన్నాను. కానీ నిలబడి కాలు నిటారుగా లేపమంటే నడుము ఎత్తు కూడా దాటదు! అంత సాగే కాలు పైకెందుకు రావడం లేదో అర్థం కావడం లేదు.

ఇంకా ఎక్కువ గుంజీలు తీయాలా? బరువులు ఎత్తాలా? ఆట ఆపేయాలా? రెండు నెలల్లో టోర్నమెంట్ ఉంది, అదొక టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

టెకాంగ్_వలయం:

బ్రో, నేను టెకాంగ్‌ని, సర్వీసు చేసేవాణ్ణి. నీ మోకాలి గురించి పెద్దగా చెప్పలేను గానీ కాలు పైకి రాకపోవడం గురించి చెప్పగలను, నాదీ అదే కథ.

మేం 30 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వలయంలో ఒక పాదం ఆనించి, దాన్ని లేపకుండా రెండో కాలితో తలకంటే ఎత్తున ఉన్న బంతిని కొట్టాలి. ఎగరడానికి వీల్లేదు కాబట్టి ఎత్తంతా తుంటి నుంచే రావాలి. నేనూ ఏడాది పాటు స్ప్లిట్స్ ఒక్కటే చేశాను. స్ప్లిట్‌లో నీ బరువే నిన్ను కిందికి నొక్కుతుంది, కండరం ఊరికే సాగుతుంది. గాల్లో కాలిని ఎత్తి అక్కడ నిలబెట్టేది తుంటి ముందు కండరాల బలం. ఆ రెండూ వేరు.

గోడకు వీపు ఆనించి నిలబడు. మోకాలు వంచకుండా కాలు ఎంతవరకు వస్తే అంతవరకు ఎత్తి పది సెకన్లు ఆపు. అయిదుసార్లు. తర్వాత చేత్తో ఇంకో జానెడు పైకి లాగి, చెయ్యి వదిలేసి, అక్కడే ఆపడానికి ప్రయత్నించు. మొదటిరోజు నా కాలు వదిలిన వెంటనే పడిపోయింది, తొడ పైభాగం పట్టేసింది. వారానికి నాలుగు రోజుల చొప్పున మూడు నెలలు చేశాక, చేత్తో లాగితే వచ్చే ఎత్తుకీ నేను ఎత్తగలిగే ఎత్తుకీ తేడా సగానికి తగ్గింది.

ఇంకోటి, గజ్జల్ని మర్చిపోకు. నాకు గజ్జ పట్టేసి రెండు నెలలు సర్వీసు లేదు. ఇప్పుడు కోపెన్‌హేగన్ ప్లాంక్ వదలను. పక్కకి తిరిగి పడుకుని, పై కాలిని బల్ల మీద పెట్టి, దాని ఆధారంతో నడుము ఎత్తి ఆపడం. మొదట్లో మోకాలిని బల్ల మీద పెట్టు, పాదం పెడితే చాలా బరువు పడుతుంది. నార్వేలో ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఇదే కదలికను చేయించి చూస్తే గజ్జ సమస్యల ముప్పు 41 శాతం తగ్గింది.

నెట్‌పక్కనే:

తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. స్పైక్‌లు రాశావు, బ్లాక్‌లు రాశావు, గుంజీలు, కిలోమీటర్లు కూడా రాశావు. ఎన్నిసార్లు దిగుతున్నావో ఎక్కడా రాయలేదు. పదకొండేళ్లు స్ట్రైకర్‌గా ఆడి, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. నేను ఇన్నాళ్లకు గట్టిగా నమ్మేది ఒక్కటే. మన ఆటలో ఒళ్లు పాడయ్యేది కొట్టేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ. లెక్కపెట్టాల్సింది కిక్‌లని కాదు, దిగడాలని.

లెక్క వేద్దాం. 70 స్పైక్‌లు, 30 బ్లాక్‌లు, 40 బాక్స్ జంప్‌లు. రోజుకు 140. ఐదు రోజులకు 700. ఎగరడం కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒక పూటలో 80 నుంచి 100 దిగడాలకు మించొద్దని ట్రైనర్లు సాధారణంగా చెప్పే మాట, అదీ రెండు పూటల మధ్య 48 గంటలైనా వదిలి. పైగా వాళ్లు చెప్పేది రెండు కాళ్ల మీద మామూలుగా దిగడం గురించి. మనది అలాంటిది కాదు. మగవాళ్ల నెట్ మధ్యలో 1.52 మీటర్లు, ఆడవాళ్లది 1.42. బంతి దానికంటే పైన ఉంటుంది, నీ పాదం అక్కడికి వెళ్లాలి. అంటే తుంటి దాదాపు నెట్ ఎత్తుకు వెళ్లి, తల కిందికి వాలి, ఒళ్లు తిరుగుతూ ఉండగా కిందికొస్తున్నావు. ఎక్కువసార్లు ముందుగా తగిలేది ఒక్క కాలే. ఒంటి బరువుకు కొన్ని రెట్లు ఆ ఒక్క కాలి మీద పడుతుంది. దీన్ని వారానికి 700 సార్లు చేస్తే ఏ మోకాలైనా అలాగే నొప్పి పెడుతుంది.

నా సంగతి చెబుతాను. నాలుగో ఏడు. ఫీడర్, అంటే నాకు బంతి లేపి ఇచ్చే అమ్మాయి, బంతిని కాస్త వెనక్కి లేపింది. వదిలేయాల్సింది, వదల్లేదు. కాలు పైకెళ్లి చివరికంటా చాచుకున్న క్షణంలో తొడ వెనక, పిరుదుకు బెత్తెడు కింద, గుడ్డ చిరిగినట్టు అనిపించింది. దిగాక రెండడుగులు వేశాను, మూడోది పడలేదు. పది వారాలు ఆగమన్నారు. ఆరో వారంలో నొప్పి లేదు కదా అని టోర్నమెంట్‌కి దిగాను, రెండో సెట్‌లో అదే చోట మళ్లీ. ఈసారి ఐదు నెలలు. ఆ ఐదు నెలల్లో నాకు నేర్పిన పెద్దాయన నన్ను బంతి ముట్టుకోనివ్వలేదు. సుద్దముక్క ఇచ్చారు.

నేల మీద నా రెండు పాదాల చుట్టూ గీత గీయించారు. జానెడు ఎత్తున్న మెట్టు మీద నుంచి అడుగు ముందుకేసి, ఆ గీతల్లో రెండు కాళ్ల మీద దిగి, మూడు సెకన్లు కదలకుండా నిలబడాలి. అంతే. ఇదేం పని అనుకున్నాను. మొదటి పదిలో ఒక్కసారి కూడా నిలబడలేకపోయాను. ఓసారి మడమ గీత దాటుతుంది, ఓసారి మోకాలు లోపలికి వంగుతుంది, ఓసారి చేతులు గాల్లో ఈదుతాయి. ఆయన కళ్లు మూసుకుని కూర్చునేవారు. చప్పుడు వినేవారు. దబ్‌మంటే "లెక్కలో లేదు" అనేవారు. ముందు అరికాలి ముందుభాగం తగిలి, తర్వాత మడమ ఆని, అదే ఊపులో మోకాలు, తుంటి కలిసి మడత పడితే చప్పుడు దాదాపు వినిపించదు. నేను ఇరవైకి ఇరవై చప్పుడు లేకుండా దిగడానికి పదిహేడు రోజులు పట్టింది. ఇప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలకు నేను మొదట ఇచ్చేదీ సుద్దముక్కే.

ఇక నువ్వేం చేయాలి. మోకాలి సంగతి డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించు, ముందు అది. వాళ్లు సరేనంటేనే మిగతావి.

బాక్స్ జంప్‌లు తీసెయ్. స్పైక్‌లతోనే బోలెడంత ఎగురుతున్నావు, వాటికి తోడు ఇవెందుకు? ఎగిరే రోజులు వారానికి మూడే, మధ్యలో ఒక రోజు ఖాళీ తప్పనిసరి. మొదటి రెండు వారాలు కోర్టు మీద రోల్ వద్దు. మెట్టు మీద నుంచి దిగడమే, ఐదేసి చొప్పున నాలుగుసార్లు. మూడో వారం నుంచి సన్‌బ్యాక్ ఇరవై. నొప్పి పెరగకపోతే వారానికి ఐదు చొప్పున కలుపుకుంటూ పో. రోల్‌ని పరుపు మీద మొదలుపెట్టు, కానీ కొట్టడం కోసం కాదు, దిగడం కోసం. బంతి లేకుండా. పరుపు మీద పదికి ఆరు తగులుతున్నాయన్నావు, ఆ ఆరింటిలో కాళ్ల మీద దిగినవెన్ని? నా అనుమానం, వీపు మీదో చెయ్యి మీదో పడుతున్నావు. పరుపు దాన్ని కప్పేస్తోంది. కోర్టు మీదకొచ్చేసరికి నీ ఒంటికి తెలుసు ఎక్కడ పడబోతోందో, అందుకే కాలు మధ్యలోనే వెనక్కి తీసుకుంటోంది. అది పిరికితనం కాదు తమ్ముడూ, నిన్ను కాపాడుతోంది.

బలం కోసం ఎగరని రోజుల్లో రెండు పూటలు చాలు. 200 గుంజీలు వద్దు. అవి ఓపికను పెంచుతాయి గానీ నేలను తన్ని లేచే బలాన్ని పెద్దగా ఇవ్వవు. వెనక పాదాన్ని బల్ల మీద పెట్టి, ముందు కాలి మీద కూర్చుని లేచే స్ప్లిట్ స్క్వాట్ చెయ్, చేతుల్లో బరువు పట్టుకుని, ఒక్కో కాలికి ఎనిమిది చొప్పున మూడుసార్లు. ఎనిమిదోది కష్టపడి లేచేంత బరువు ఉండాలి. చిప్ప కింద నొప్పి తగ్గేదాకా మరీ లోతుకు వెళ్లకు.

తొడ వెనక కండరాలకి నార్డిక్. మోకాళ్ల మీద నిలబడి, మడమల్ని ఎవరైనా గట్టిగా పట్టుకుంటే, ఒంటిని నిటారుగా ఉంచి ముందుకు ఎంత నెమ్మదిగా వాలగలిగితే అంత నెమ్మదిగా వాలడం. చివర్లో చేతులు ఆనించుకోవచ్చు. వారానికి రెండుసార్లు, ఐదు చొప్పున రెండు విడతలతో మొదలుపెట్టు. మొదటివారం తొడలు బాగా పట్టేస్తాయి, భయపడకు. ఫుట్‌బాల్ జట్లలో దీన్ని క్రమం తప్పకుండా చేసినవాళ్లకి ఆ కండరం గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. నా తొడ రెండోసారి చిరిగాక ఏడేళ్లు ఆడాను. ఒక్క వారం కూడా నార్డిక్ మానలేదు. మూడోసారి చిరగలేదు.

పిక్కల్ని ఎవరూ పట్టించుకోరు. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించు. ఎన్నొస్తాయో రెండు కాళ్లకీ విడివిడిగా రాసి ఇక్కడ పెట్టు. పాతిక దాకా రావాలి.

5 కిలోమీటర్ల పరుగు ఇష్టమైతే వారానికోసారి. మన ర్యాలీ కొన్ని సెకన్లలో తేలిపోతుంది, తర్వాత కాసేపు విరామం. ఊపిరిని ఆ పద్ధతికే అలవాటు చేయాలి. మన వైపు కోర్టు 6.7 మీటర్ల పొడవు, 6.1 వెడల్పు. అందులోనే పది సెకన్లు నాలుగు మూలలకీ ఉరుకు, ఇరవై సెకన్లు నిలబడు. ఎనిమిదిసార్లు. చేసి చూడు, 5 కిలోమీటర్ల కంటే ఎక్కువ ఆయాసం వస్తుంది. కాకపోతే ఇది నొప్పి తగ్గాకే, ఆగి తిరిగేటప్పుడు మోకాలి మీద బాగానే పడుతుంది.

ఒక నోటుబుక్కు పెట్టుకో. ఆ రోజు ఎన్నిసార్లు దిగావు, మర్నాడు ఉదయం మెట్లు దిగేటప్పుడు నొప్పి పదికి ఎంత. రెండే అంకెలు.

ఫిజియో_డెస్క్:

వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టుని. చూడకుండా ఇదీ అని తేల్చి చెప్పలేను. అయితే చిప్ప కింది అంచులో ఒక్కచోట నొప్పి, వేడెక్కాక తగ్గడం, మర్నాడు మళ్లీ రావడం, ఎగిరే ఆట. ఈ నాలుగూ కలిస్తే మొదట అనుమానించేది మోకాలి చిప్ప కింద ఉండే టెండన్‌ని, అంటే తొడ కండరం లాగుడును కాలి ఎముకకు చేర్చే గట్టి పట్టీని. ఎగిరే ఆటల్లో ఇది ఎంత మామూలంటే దీనికి జంపర్స్ నీ అనే పేరే ఉంది.

చాలామంది చేసే పొరపాటు, నెల రోజులు పూర్తిగా ఆపేసి, నొప్పి పోయింది కదా అని ఒక్కసారిగా పాత స్థాయికి వెళ్లడం. టెండన్‌కి విశ్రాంతి ఒక్కటే చాలదు, దానికి బరువు కావాలి, కానీ నెమ్మదిగా మోపే బరువు. గోడకు ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు ఆగే వాల్ సిట్‌తో మొదలుపెట్టవచ్చు. 45 సెకన్లు ఆగి, రెండు నిమిషాలు విశ్రాంతి, ఇలా ఐదుసార్లు. నొప్పి ఎక్కువగా అనిపిస్తే ఇంకాస్త పైనే ఆగండి. చాలామందికి దీనితో నొప్పి కాసేపు తగ్గుతుంది కూడా. తర్వాతి దశలో బరువుతో స్క్వాట్ లేదా లెగ్ ప్రెస్ (జిమ్‌లో కూర్చుని కాళ్లతో బరువును తోయడం), దిగడానికి మూడు సెకన్లు, లేవడానికి మూడు సెకన్లు, రోజు విడిచి రోజు. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది, టెండన్ మాత్రం నెలలు తీసుకుంటుంది. మూడు నెలలకు తక్కువ అనుకోకండి. పై పోస్టులో చెప్పిన నోటుబుక్కు చాలా మంచి పద్ధతి. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదికి మూడు లోపు ఉండి, 24 గంటల్లో మామూలు స్థితికి వస్తే కొనసాగించవచ్చు. మర్నాడు అంకె పెరిగిందంటే ముందురోజు చేసింది ఎక్కువైందని అర్థం.

మోకాలు వాచినా, బిగుసుకుపోయి తెరుచుకోకపోయినా, నడుస్తుంటే జారిపోయినట్టు అనిపించినా, రాత్రి పడుకున్నప్పుడు నొప్పి నిద్ర లేపినా, అది వేరే సంగతి. వెంటనే చూపించుకోవాలి.

ఒక చిన్న మార్పు. రాత్రి పూట స్ట్రెచింగ్ ఫర్వాలేదు, కానీ ఆటకు ముందు ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి పట్టుకోకండి. ఆ వెంటనే ఎగిరే శక్తి కొంత తగ్గుతుంది. ఆటకు ముందు కాళ్లు ఊపడం, అడుగులు, బంతితో చిన్న చిన్న తన్నులు చాలు.

బంతి_పెట్టె:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అబ్బాయికి 12 ఏళ్లు, వాడికీ మోకాలు నొప్పే, కానీ చిప్పకు ఇంకా కింద, ఎముక మీద బుడిపెలా ఉబ్బింది. పైన రాసినవే చేయించాలా?

ఫిజియో_డెస్క్:

చేయించకండి, ముందు చూపించండి. ఎదిగే వయసులో ఆ టెండన్ ఎముకకు అతుక్కునే చోట ఇంకా గట్టిపడి ఉండదు, అక్కడే పదేపదే లాగడం వల్ల ఇలా ఉబ్బుతుంది. దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఎక్కువమందికి ఎదుగుదల పూర్తయ్యేసరికి నొప్పి తగ్గిపోతుంది. అప్పటిదాకా ఎగరడం తగ్గించాలి, ఆట మొత్తం మాన్పించాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. బంతిని నిలబడి ఎగరేసే సాధన ఈ వయసులో ఎంత చేసినా మంచిదే.

కుడికాలు19:

అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీరు ఎలా కనిపెట్టారో గానీ నిజం. మా ఫీడర్‌తో ఫోన్‌లో వీడియో తీయించి నెమ్మదిగా చూశాను. పరుపు మీద పది రోల్స్‌లో కాళ్ల మీద దిగింది ఒక్కటే. ఐదుసార్లు ఎడమ చెయ్యి వెనక్కి చాచి దాని మీద పడ్డాను, నాలుగుసార్లు వీపు మీద.

డాక్టరుకి చూపించాను, టెండనే అన్నారు. వాల్ సిట్, నెమ్మది స్క్వాట్ వాళ్లూ చెప్పారు. పిక్కల లెక్క: ఎడమ 23, కుడి 14. నేను తన్ని లేచే కాలే ఇంత బలహీనంగా ఉంటుందని అస్సలు అనుకోలేదు.

సుద్ద గీతలు గీసి మెట్టు మీద నుంచి దిగాను. ఇరవైలో మూడు. అక్కా, చెయ్యి మీద పడటం మానడం ఎలా? అనుకోకుండానే వెనక్కి వెళ్లిపోతోంది.

నెట్‌పక్కనే:

పిక్కల్లో ఆ తొమ్మిది తేడా చూశావా, అది నెల రోజుల పని. కుడికి ఒక విడత ఎక్కువ చెయ్. మోకాలు నిటారుగా ఉంచి కొన్ని, కొద్దిగా వంచి కొన్ని. వంచినప్పుడు పిక్క లోపలి పొర మీద పడుతుంది, దిగేటప్పుడు ఎక్కువ భారం మోసేది అదే.

చెయ్యి గురించి. ఇది నిజంగా ప్రమాదం, తేలిగ్గా తీసుకోకు. మోచెయ్యి నిటారుగా బిగబట్టి వెనక్కి ఆనిస్తే ఒంటి బరువంతా మణికట్టు మీదో మోచెయ్యి మీదో ఆగుతుంది. మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్లని ఇద్దరిని కళ్లారా చూశాను. చెయ్యి వెళ్లకుండా ఆపలేం, వెళ్లే పద్ధతి మార్చాలి. పరుపు మీద గొంతుక్కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, బొడ్డు వైపు చూస్తూ వెనక్కి దొర్లు. తల వెనకభాగం పరుపుకి తగలకూడదు. చేతులు మోచెయ్యి దగ్గర వంగి, పక్కలకి, అరచెయ్యీ ముంజెయ్యీ కలిసి ఒకేసారి పరుపును చరవాలి. రోజుకు ఇరవై. గొంతుక్కూర్చుంటే చిప్ప కింద నొప్పి వస్తోందా, పరుపు మీద చతికిలబడి అక్కడి నుంచే దొర్లు. అలవాటయ్యాక సగం లేచి, ఆ తర్వాత నిలబడి. నా దగ్గరి పిల్లలు నెట్ దగ్గరికి వెళ్లే ముందు ఇది రెండు వారాలు చేయాల్సిందే, ఎంత ఏడ్చినా.

నడుముకి కూడా పని చెప్పాలి. వెల్లకిలా పడుకుని వీపు కిందిభాగం నేలకు నొక్కి, భుజాలూ కాళ్లూ కొద్దిగా ఎత్తి ఆగే హాలో హోల్డ్, 20 సెకన్లు, నాలుగుసార్లు. గాల్లో ఒళ్లు విచ్చుకుపోతే తిరగడం నెమ్మదిస్తుంది, ముడుచుకుంటే త్వరగా తిరుగుతుంది. నువ్వు వీపు మీద పడుతున్న ఆ నాలుగింటిలో, బంతి తగిలిన వెంటనే ఒళ్లు వదులైపోతోందేమో వీడియోలో చూడు. కొట్టాక కూడా పొట్ట బిగించే ఉంచాలి, పాదం నేలను తాకేదాకా.

టోర్నమెంట్ సంగతి. రెండు నెలల్లో రోల్ వస్తుందని మాట ఇవ్వలేను. సన్‌బ్యాక్‌తో ఆడు. నేను ఆరో వారంలో ఎందుకు దిగానా అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ టోర్నమెంట్‌లో మేం ఎంతకి ఓడామో కూడా గుర్తులేదు, ఆ ఐదు నెలలు మాత్రం రోజురోజూ గుర్తున్నాయి.

టెకాంగ్_వలయం:

అక్క చెప్పిన మెట్టు పని నేనూ నిన్న చేసి చూశాను. ఎగరని నాకే ఇరవైలో ఆరు. రేపటి నుంచి మా జట్టు మొత్తానికీ పెడుతున్నాను.

కుడికాలు19:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను. నోటుబుక్కు ముందు పెట్టుకునే రాస్తున్నా.

మొదటి వారం దిగడాలు 60, ఉదయం నొప్పి 4. మూడో వారం 60, నొప్పి 3. నాలుగో వారంలో ఒక పూట మావాళ్లు ఇంకో పది, ఇంకో పది అంటుంటే ఆగలేక 70 కొట్టేశాను. మర్నాడు 5. రెండు రోజులు వాల్ సిట్ తప్ప ఏమీ చేయలేదు, మళ్లీ 3కి వచ్చింది. ఈ వారం మూడు పూటలు కలిపి 120, ఉదయం నొప్పి 1. పిక్కలు: ఎడమ 25, కుడి 21. కాలు నిటారుగా లేపితే ఇప్పుడు నడుము దాటి ఛాతీ కిందిభాగం దాకా వస్తోంది, చేతులు వదిలేసి.

మెట్టు మీద నుంచి ఇరవైకి పద్దెనిమిది. మా అమ్మ పక్కగదిలో ఉండి "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగింది, అప్పటికి పన్నెండు అయిపోయాయి. అంత చప్పుడు లేకుండా దిగుతున్నానన్నమాట!

టోర్నమెంట్‌కి సన్‌బ్యాక్‌తోనే వెళ్తున్నాను, కోచ్‌కి చెప్పేశాను. కానీ నిన్న చివర్లో, లెక్కలో ఇంకా ఐదు మిగిలి ఉంటే, కోర్టు మీద పలచటి చాప వేసుకుని రోల్ వేశాను. ఐదింటిలో మూడు తగిలాయి.

నెట్‌పక్కనే:

కుడి పిక్క 21 చూసి చాలా సంతోషమేసింది తమ్ముడూ. ఆ నాలుగో వారం 5 అంకెని కొట్టేయకుండా నోటుబుక్కులో అలాగే ఉంచు, టోర్నమెంట్ రోజు పనికొస్తుంది.

ఆ ఐదింటిలో కాళ్ల మీద ఎన్ని దిగావు?

కుడికాలు19:

నాలుగు అక్కా. చెయ్యి ఆనలేదు. ఐదోది పక్కకి దొర్లాను, గడ్డం లోపలే ఉంది.